ఇంజన్ నూనె, కోడికూర

జయరాజ్‌కు లోకంలో పడని పనులు రెండే. ఒకటి ఉపవాసం, రెండోది ఇంజన్ సర్వీసు. ఆ ఏడు రెండూ కలిసి ఒకేసారి నెత్తిన పడ్డాయి.

మణుగూరు అవతల, అడవి అంచున, వాగు పక్కనే అతనికి మూడెకరాల మొక్కజొన్న ఉంది. కరెంటు తీగ అక్కడిదాకా ఇంకా రాలేదు. వాగు నీళ్ళు చేలోకి ఎక్కించే భారమంతా ఒక డీజిల్ ఇంజన్‌దే. దాని పేరు సంసోను. కొన్ననాడే ఫాదర్ గారిని పిలిపించి, ప్రార్థన చేయించి, పవిత్ర జలం చల్లించి బైబిల్లోని ఆ బలశాలి పేరు పెట్టాడు. అంతటితో తన వంతు తీరిపోయిందని అతని నమ్మకం.

భార్య గ్రేస్ నమ్మకం వేరు. ఆమె తండ్రి మార్కు బొగ్గుబాయిలో ఫిట్టరు. ఆ ఇంట్లో అన్నం తిన్నారా అని అడిగే ముందు మిషనుకు గ్రీజు పెట్టారా అని అడిగేవారట. అందుకే ఆమె క్యాలెండరులో పదిహేను రోజులకొక శనివారానికి ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఆరోజు ఇంజన్‌లో పాత నూనె తీసి కొత్తది పోయాలి, ఎయిర్ ఫిల్టరు కడగాలి, బెల్టు చూసుకోవాలి.

"ఫాదర్ గారు దీవించిన ఇంజనది. దానికి సర్వీసేందే?" అన్నాడు జయరాజ్.

"నిన్ను గూడ దీవించిండ్రు గదా చిన్నప్పుడు. పొద్దుగాల పళ్ళు తోముకుంటలేవా?"

"పళ్ళల్ల నూనె పోసుకుంటలేను గద!"

"నీ పళ్ళతోటి మూడెకరాలు తడుస్తలేవు గద!"

మాటల్లో గ్రేస్ మీద గెలిచినవాడు ఆ మండలంలోనే లేడు. జయరాజ్ నూనె డబ్బా చేత పట్టుకుని, పానాల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. విభూది బుధవారంతో తపస్సుకాలం మొదలై మూడు రోజులే అయింది. ఈస్టర్ దాకా ఇంట్లో నీచు మాటే ఎత్తకూడదు. మూడు రోజులుగా పప్పు తిని తిని అతనికి పప్పుగుత్తి కనిపించినా భయం వేస్తోంది.

దారిలో లచ్చయ్య ఇల్లు. వాకిట్లో పుంజొకటి ఛాతీ విరుచుకుని తిరుగుతోంది. దాన్ని చూడగానే జయరాజ్‌కు బుర్ర పాదరసంలా పనిచేసింది.

"లచ్చయ్యా, ఈ డబ్బా నీ ఇంజన్‌కు పోసుకో. నాకు కోడికూరతోటి బువ్వ పెట్టు, చాలు. గ్రేసుకు మాత్రం తెల్వొద్దు."

"మరి మీ ఇంజన్‌కో అన్నా?"

"దానికి దేవుడున్నడు."

లచ్చయ్య తల గోక్కున్నాడు. లోపలికి పోయి భార్య కన్నమ్మతో చాలాసేపు గుసగుసలాడి వచ్చాడు. "కోడిని పట్టాలె, కోయాలె. పగటీలికి రా అన్నా. డబ్బా, సంచి ఈడనే పెట్టిపో" అన్నాడు.

జయరాజ్ మొక్కజొన్న నీడన ఒక కునుకు తీసి, సరిగ్గా పన్నెండింటికి విస్తరి ముందు కూర్చున్నాడు. లచ్చయ్య కనిపించలేదు గానీ కూర కనిపించింది. ఎర్రటి పులుసు, మసాలా ఘాటు, మెత్తటి ముక్కలు. నాలుగు ముద్దలయ్యాక అనుమానం వచ్చింది.

"ఎముకొక్కటి తగుల్తలేదేందమ్మా?"

"చుట్టానికి ఎముకలు పెడ్తమా అన్నా? అన్ని తీసి వండిన" అంది కన్నమ్మ.

పుట్టి బుద్ధెరిగిన తరువాత తనకింత మర్యాద ఎవరూ చెయ్యలేదని జయరాజ్‌కు కళ్ళు చెమర్చాయి. తిన్నాక లచ్చయ్య వాకిట్లో ఉన్న పాత ఇంజన్ నూనె చేతులకు బాగా, ముక్కుకు కొంచెం పూసుకుని ఇల్లు చేరాడు.

"అయ్యో, ఎంత కష్టపడ్డవయ్యా!" అని గ్రేస్ వేణ్ణీళ్ళు తోడింది. ఆ వేణ్ణీళ్ళు మనసుకు కాస్త చురుక్కుమన్న మాట నిజమే. కానీ పదిహేను రోజులు తిరిగేసరికి ఆ చురుకు చల్లారిపోయి, రెండో డబ్బా కూడా కూరైపోయింది.

విచిత్రం ఏమిటంటే, ఈలోగా సంసోను పడుచువాడయ్యాడు. ఇదివరకు హ్యాండిల్ పదిసార్లు తిప్పితే గానీ లేచేవాడు కాడు. ఇప్పుడు ఒక్క తిప్పుకే డుగ్గుడుగ్గుమంటున్నాడు. నల్లపొగ పోయింది. ఒక రోజుకు చాలే డీజిల్ ఇప్పుడు రోజున్నరకొస్తోంది. వాగు పొడుగునా రైతులు మెకానిక్కుల కోసం తిరుగుతుంటే, జయరాజ్ చేలో కంకులు వేళకు నీళ్ళు తాగి బలిసి ఊరిస్తున్నాయి. ముట్టుకోకపోతేనే మిషను బాగుంటుందని అతను సిద్ధాంతం కనిపెట్టాడు. అంత గొప్ప సిద్ధాంతాన్ని పైకి చెప్పుకునే యోగం లేకపోవడమే అతని బాధ.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పక్కచేను రాఘవమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమెది ఒంటి సంసారం, ఇద్దరు పిల్లలు. ఇంజన్ ఆగిపోయి మూడు రోజులైంది, కంకి పాలు పోసుకునే వేళ, ఆకులు చుట్టుకుపోతున్నాయి. మెకానిక్ మంగళవారం గానీ రాడట.

"మెకానిక్కెందుకత్తా? సంసోను అంత మంచిగ నడుస్తుందంటే అది మా ఆయన చేతి గుణమే. ఇప్పుడే పంపిస్త" అంది గ్రేస్.

"నాకు నడుము నొప్పే!" అన్నాడు జయరాజ్.

"వంగి పనిచేస్తే పోతది."

వాగు ఒడ్డున గ్రేస్, లచ్చయ్యలతో సహా పదిమంది మూగారు. జయరాజ్ ఇంజన్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని ఇద్దరు తలపాగాలు తీశారు. ఏదో ఒకటి తిప్పాలి గనుక ఒక గొట్టం తిప్పాడు. డీజిల్ చిమ్మి చొక్కా తడిసింది.

"పాత నూనె గింత తేటగుంటదా అల్లుడా?" అంది రాఘవమ్మ.

"నీది మంచి ఇంజనత్తా."

తరువాత కింద ఒక బోల్టు విప్పి నల్లనూనె వదిలాడు. అందరూ శభాష్ అన్నారు. ఆ ఉత్సాహంలో బోల్టు మళ్ళీ బిగించకుండానే పైనుంచి కొత్త నూనె పోశాడు. పోసింది పోసినట్టే వచ్చి అతని కాళ్ళ మీద పడింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా అతనికి తెలియలేదు.

ఎవరో పకపకా నవ్వారు. రాఘవమ్మ మాత్రం గట్టు మీద కూలబడింది. "ఈ చేనెండితే పిల్లలకేం పెట్టాలె నేను?" అంది.

జయరాజ్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నడుము నొప్పి అనబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"నాకు రాదత్తా. ఒక్కనాడు గూడ నేను పానా పట్టలే. అంత ఉత్తదే" అన్నాడు.

అందరూ గ్రేస్ వైపు చూశారు. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "లచ్చయ్యా, రా తమ్మీ" అని పిలిచింది.

లచ్చయ్య ఇంకో నూనె డబ్బాతో వచ్చాడు. దుమ్ము, మొక్కజొన్న పుప్పొడి కలిసి అట్ట కట్టిన ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపి డీజిల్‌లో కడిగాడు. బోల్టు బిగించి నూనె పోసి, డీజిల్ గొట్టం తగిలించి అందులో చిక్కిన గాలి తీశాడు. అరగంటలో ఇంజన్ గర్జించింది. కాలవలో నీళ్ళు ఉరికాయి, వాటి వెంట రాఘవమ్మ కూడా ఉరికింది.

"గివన్ని యాడ నేర్చినవ్?" అన్నాడు జయరాజ్.

"మార్కు మామ కింద నాలుగేండ్లు హెల్పరు చేసిన గదన్నా. మీ సంసోనుకు గూడ నేనే చేస్తున్న. నువ్వు మా ఇంట్ల బువ్వ తినేటప్పుడు నేను మీ ఇంజన్ కాడుంట. మొదటి నాడే కన్నమ్మ ఉరికిపోయి అక్కకు చెప్పింది. అక్క గిట్ల చెయ్యమన్నది."

అంటే తన సిద్ధాంతం వెనకున్నవి కూడా లచ్చయ్య చేతులేనన్నమాట. ఇంటిదారి పట్టాక జయరాజ్ ఆఖరి అస్త్రం తీశాడు.

"అంటే తపస్సుకాలంల మొగుడు కోడి తింటున్నడని తెలిసి ఊకున్నవా? ఆ పాపంల సగం నీది!"

"కోడేంది? అది పనసకాయ. నేనే కోసి పంపిన."

జయరాజ్ దారి మధ్యలో నిలబడిపోయాడు. "మరి పోయిన ఆదివారం నేను ఫాదర్ గారి కాడ ఒప్పుకున్న గదనే! కోడి తిన్ననని చెప్తే మోకాళ్ళ మీద మూడు జపమాలలు చెప్పమన్నడు. చెప్పిన. ఇంక వాపు తగ్గలే!"

గ్రేస్ వెనక్కి తిరగకుండానే అంది. "కోడి పాపానికి గాకపోతే నూనె పాపానికి పనికొస్తయి. నడువు."