పళ్ల డాక్టరు కోరిన గుంపు

జిలినా ఊళ్లో పరదాలు అమ్మే వెండెలీన్ ఆ పొద్దున వేసుకున్న లెక్క తేలికైనదే. పదింటికి పళ్ల డాక్టరు వస్తాడు, ఉప్పునీటి తొట్టిని అందులోని చిన్న పచ్చ చేపలతో సహా తన క్లినిక్కుకు కొనుక్కుంటాడు. రేపటి క్రిస్మస్ విందులోగా తొట్టి ఇల్లు కదలకపోతే చేపల్ని వాగులో పోస్తానని భార్య లూబిత్సా తేల్చి చెప్పింది. సముద్రపు చేపకు వాగంటే చావే.

డాక్టరు షరతు ఒక్కటే: చేపలన్నీ గుంపుగా ఈదాలి. కొత్తలో అలాగే ఈదేవి. తిండికి లోటు లేదని, మీద పడే శత్రువు లేడని తెలిశాక, వాటాలు తేలని అన్నదమ్ముల్లా తలో మూలా పట్టుకుని ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

నీళ్లు మారిస్తే బుద్ధి మారుతుందేమోనని వెండెలీన్ బాత్‌టబ్ నిండా ఉప్పునీళ్లు కలిపి పెట్టాడు. అంతలో అత్తగారు హెర్మీనా తడి సంచీతో దిగింది. సంచీలో విందుకోసం తెచ్చిన పెద్ద బంగారుతీగ చేప, ప్రాణంతో ఉంది. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా పండగ చేప విడిది బాత్‌టబ్బే.

"నీళ్లు కూడా పట్టి ఉంచావే! ఇన్నేళ్లకు బుద్ధొచ్చింది అల్లుడూ," అంటూ ఆమె చేపను టబ్‌లోకి వదిలింది.

"అయ్యో అత్తయ్యా, అందులో ఉప్పు..."

మంచినీటి చేప ఒక్క గుటకతో సంగతి గ్రహించి నేలమీదికి దూకింది. అక్కణ్ణించి నడవాలోకి, నడవాలోంచి హాల్లోకి. వెనక తువ్వాలుతో హెర్మీనా, ఆమె వెనక "నా తివాచీ! నా తివాచీ!" అంటూ లూబిత్సా.

"దొరికింది! ఇదిగో, నోరు తెరుస్తోంది. నీళ్లేవర్రా?" అంటూ హెర్మీనా ఎదురుగా కనబడ్డ తొట్టిలో దాన్ని పడేసి, మళ్లీ దూకకుండా మూత వేసింది. అప్పుడే తలుపు గంట మోగింది.

లోపలికొచ్చిన డాక్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పచ్చ చేపలన్నీ ఒక మూల ఒకే ముద్దగా చేరి, ఎడమకైతే అన్నీ ఎడమకు, కుడికైతే అన్నీ కుడికి తిరుగుతున్నాయి.

"ఆహా, ఏం క్రమశిక్షణ! ఆ పెద్దది బంగారుతీగ కదూ?"

"ఇవాళ ఎవరింట్లో లేదు లెండి డాక్టరుగారూ? టబ్ ఖాళీ లేకపోయింది."

"నిజమే. మా ఇంట్లోనూ దానివల్ల స్నానాలు బందు."

బేరం నిలబడ్డ చోటే కుదిరింది. గుంపు కట్టించింది భయమని వెండెలీన్ చెప్పలేదు. కొనేవాడు అడగని మాట అమ్మేవాడు చెప్పడం వ్యాపారం కాదు. బంగారుతీగ మంచినీళ్ల బక్కెట్లోకీ, తొట్టి క్లినిక్కుకూ చేరాయి.

పండగ వెళ్లాక డాక్టరు ఫోను చేస్తే వెండెలీన్ అంతా ఊహించేసుకున్నాడు. చేపలు విడిపోయుంటాయి, తొట్టి తిరిగొస్తుంది, వాగు ఎక్కడికీ పోలేదు.

"ఏమోయ్, నీ చేపలు ఇంతవరకూ గుంపు విడవలేదు! నేను డ్రిల్లు తిప్పితే చాలు, ఇంకా దగ్గరకు జరుగుతాయి. చిక్కల్లా ఒక్కటే."

"ఏమిటండీ?"

వాటిని చూసి వెయిటింగ్ రూములో పేషెంట్లు కూడా ఒక మూలకు చేరుతున్నారట.