తీగ తరఫున ఎవరూ మాట్లాడలేదు

సర్క్యూటు బొమ్మల్లో బ్యాటరీకి జరుగుతున్న అన్యాయాన్ని సరిదిద్దాలని సాంకేతిక పాఠ్యపుస్తకాల సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇన్నేళ్ళుగా ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఆ బొమ్మలు చూస్తూ కూడా ఈ అన్యాయాన్ని గమనించలేదంటే, మనం ఎంత మొద్దునిద్రలో ఉన్నామో మీరే ఊహించుకోండి.

గమనించిన ఘనత సంస్థ అధ్యక్షులవారిది. ఆయన ప్రూఫులు చూద్దామని చూడలేదు. అది ఆయన అలవాటు కాదు. గదిలో కరెంటు పోతే విసురుకోవడానికి చేతికందిన కాగితాలు తీసుకున్నారు. అవి వైర్‌మన్ లైసెన్సు పరీక్షకి చదవాల్సిన పుస్తకం తాలూకు ప్రూఫులు. విసిరీ విసిరీ చెయ్యి నొప్పెట్టి ఆపేసరికి కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో ఎదురుగా ఒక బొమ్మ కనబడింది. పైన బల్బు, గుండ్రంగా, లోపల అడ్డగీతలతో, దర్జాగా ఉంది. కింద బ్యాటరీ ఉంది. ఒక పొడుగు గీత, పక్కన ఒక పొట్టి గీత, అంతే. అధ్యక్షులవారి మనసు చివుక్కుమంది.

వెంటనే సిబ్బందిని పిలిపించి చీకట్లోనే ప్రసంగించారు. “ఇచ్చే చెయ్యి చిన్నదిగా, పుచ్చుకునే చెయ్యి పెద్దదిగా చూపిస్తే రేపటి పౌరులు ఏం నేర్చుకుంటారు? బ్యాటరీ అంటే ఎవరు? మనం. బల్బు అంటే ఎవరు? జనం. నేను ఈ కుర్చీలో ఉండగా ఈ పుస్తకంలో జనం మనకంటే పెద్దగా ఉండడానికి వీల్లేదు.”

ఆ చీకట్లో వెనక వరసలో నిలబడి తలూపినవారిలో పాయింటు గారు ఒకరు. పుస్తకం కంపోజింగు చేసేది ఆయనే. అక్షరాల సైజు పాయింట్లలో కొలిచీ కొలిచీ ఆయనకి లోకమంతా పాయింట్లలోనే కనబడుతుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల ఎలా ఉందిరా అని అమ్మ అడిగితే “బొట్టు పన్నెండు పాయింట్లు ఉంటుంది” అన్న మహానుభావుడు. అసలు పేరు జీతం పట్టీలో ఉందిగానీ, దాంతో పిలిస్తే ఆయనే పలకరు.

ఆయన కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక అంకె ఉంటుంది. ఒకటి వేస్తే మామూలు సైజు, రెండు వేస్తే రెట్టింపు, అర వేస్తే సగం. ఒకచోట మారిస్తే చాలు, పుస్తకమంతా మారిపోతుంది. చిటికెలో పని. అయితే చిటికెలో అయ్యే పనిని చిటికెలోనే చేసేస్తే ఇక ఆఫీసెందుకు? అందుకని చిహ్నాల పరిమాణ నిర్ధారణ సంఘం ఏర్పాటైంది.

సంఘం ఎంతో లోతుగా చర్చించింది. బ్యాటరీకి రెండు ఖాయం చేశారు. “నేను నొక్కందే ఏదీ కదలదు” అని సూపరింటెండెంటు గారు గుర్తు చెయ్యడంతో స్విచ్చికి ఒకటిన్నర ఇచ్చారు. పైనుంచి ఎక్కువొస్తే అడ్డుపడే గుణం ఫ్యూజుకి ఉందని తెలిసి సభ్యులు నొచ్చుకున్నారు. దాన్ని భూతద్దం లేకుండా కనబడని సైజుకి దించారు. బల్బుకి అర చాలన్నారు. తీగ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. సంఘంలో బ్యాటరీ తరఫువారున్నారు, స్విచ్చి తరఫువారున్నారు, తీగ తరఫున ఎవరూ లేరు. తీగ ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

పాయింటు గారు అంకెలు మార్చారు. బ్యాటరీ పేజీలో సగం ఆక్రమించింది. బల్బు కందిగింజంతైంది. పెద్ద బల్బు కోసం గీసిన తీగ అటువైపూ ఇటువైపూ అక్కడే ఆగిపోయింది. మధ్యలో బల్బు దేన్నీ తాకకుండా, తప్పిపోయిన పిల్లలా నిలబడింది. తీగని రెండువైపులా కాస్త పొడిగిస్తే సరిపోతుంది. పాయింటు గారు అనుమతి కోరుతూ ఫైలు పెట్టారు. “తీగ అజెండాలో లేదు” అని తిరిగొచ్చింది. ఆయన గుండె చిక్కబట్టుకుని స్వయంగా అధ్యక్షులవారి గదికి వెళ్ళారు.

“ఖాళీ ఉందండి, కరెంటు వెళ్ళదండి” అన్నారు.

“కరెంటు కంటికి కనబడుతుందటయ్యా?”

“లేదండి.”

“మరి కనబడనిదానికి కనబడే దారెందుకు? క్రమశిక్షణ ఉన్న కరెంటు ఎలాగైనా వెళ్తుంది. లేనిదానికి నువ్వెంత తీగ గీసినా దండగే.”

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే ఉండొచ్చు. పాయింటు గారు ఫైలు చంకన పెట్టుకుని వచ్చేశారు. పుస్తకం అచ్చైంది. ఆ ఖాళీకి ‘విరామం’ అని పేరు పెట్టి ముందుమాటలో కొనియాడారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఇంట్లో వచ్చింది. పాయింటు గారి భార్య చేతికి పని తెలుసు. వీధిలో ఎవరి ఇస్త్రీపెట్టె మొండికేసినా, ఎవరి ఫ్యాను మూలిగినా ఆవిడ దగ్గరకే వస్తుంది. లైసెన్సు వస్తే వీధి చివర షాపు పెట్టుకోవాలని ఆవిడ ఆశ. బోర్డు అప్పుడే రాయించి, పాత దుప్పటి చుట్టి బీరువా వెనక దాచింది. బీరువా తుడిచినప్పుడల్లా దుప్పటి కాస్త తొలగించి చూసుకుంటుంది. ఇక పరీక్ష ఒక్కటే మిగిలింది. పరీక్ష పెట్టేదీ, లైసెన్సు ఇచ్చేదీ సంస్థే కాబట్టి ఈ పుస్తకమే దిక్కు.

“ఏవండీ, ఈ బొమ్మలు మీరేనా గీసింది?” అంది వంటింటి గడప మీద కూర్చుని పుస్తకం తిప్పుతూ.

“సైజులు మాత్రమే నావి.”

“బల్బుకి అటూ ఇటూ తీగ అందలేదు. దీపం ఎలా వెలుగుతుంది?”

“పరీక్షలో దీపం వెలగక్కర్లేదే. మార్కులొస్తే చాలు. ఖాళీ వదిలేసి గియ్యి.”

“చెయ్యి రావట్లేదండీ. పెన్సిలు దానంతటదే కలిపేస్తోంది.”

“నీ షాపు కోసమే చెబుతున్నాను. ఈ ఒక్కరోజుకీ కలపకు.”

ఆవిడ ఆయన వంక కాసేపు చూసి పెన్సిలు చెక్కుకుంది. ఆ చూపుకి పాయింటు గారికి సిగ్గేసింది. కానీ సిగ్గుకి పాయింట్లలో కొలత లేదు కాబట్టి ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ అన్ని బొమ్మల్లోనూ శ్రద్ధగా ఖాళీ వదిలింది, పాసైంది. కలిపి గీసినవాళ్ళంతా తప్పారు. మూల్యాంకనం అంత నిష్పక్షపాతంగా జరిగింది.

పాసైన కుర్రాళ్ళ శాస్త్రీయ దృక్పథాన్ని లోకానికి చాటడానికి, సంస్థ కొత్త హాలు వైరింగు వారికే అప్పగించారు. హాలుకి కిటికీలు లేవు. కిటికీలుంటే విద్యుత్తుని అవమానించినట్టవుతుందని సంఘం భావించింది. కుర్రాళ్ళు పుస్తకం ముందు పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా, ప్రతి బల్బుకీ అటూ ఇటూ జానెడు ఖాళీ వదిలి తీగలు లాగారు. స్విచ్చి వేస్తే ఏదీ వెలగలేదు. బల్బులు నాసిరకమని తేల్చి మార్చారు. కొత్తవీ అంతే. కరెంటుకి క్రమశిక్షణ లేదని తేల్చి, దాన్ని మార్చే వీల్లేక తలలు పట్టుకున్నారు.

పుస్తకం రెండో ముద్రణ ఆవిష్కరణ ఆ హాల్లోనే. అధ్యక్షులవారి కారు గేటు దగ్గరకి వచ్చేసింది. సూపరింటెండెంటు గారు పాయింటు గారి చెయ్యి పట్టుకుని “మీ ఇంటావిడకి పని తెలుసంటగా, మీకు పుణ్యముంటుంది” అన్నారు. ఆవిడ వచ్చింది. స్టూలెక్కింది. ఒక్కో బల్బు దగ్గరా రెండు తీగముక్కలు కలిపి టేపు చుట్టి దిగింది. అధ్యక్షులవారు లోపలికి అడుగు పెడుతూ స్విచ్చి నొక్కారు. హాలు వెలిగిపోయింది.

“చూశారా, విరామం ఫలించింది” అన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు మోగాయి. ఆ వెలుగులో భార్య ముఖం చూసి పాయింటు గారికి ప్రాణం లేచొచ్చింది. మర్నాడే బీరువా వెనకనుంచి బోర్డు బయటికి తీశారు.

బోర్డుకి మేకు కొట్టకముందే ఫిర్యాదు వచ్చింది. చీకటి గురించి ఫిర్యాదు చేస్తారని మీరనుకుంటే మీకు మన సంగతి తెలియదన్నమాట. వెలుగు గురించి చేశారు. పాసైనవాళ్ళంతా కలిసి సంతకాలు పెట్టారు. తాము నిజాయితీగా ఖాళీ వదిలి లైసెన్సు తెచ్చుకున్నామనీ, తమతోపాటే ఖాళీ గీసి పాసైన ఒకావిడ చాటుగా తీగలు కలుపుతోందనీ, ఇలాగే వదిలేస్తే ప్రతి ఇంట్లోనూ దీపం వెలిగి తమ సర్టిఫికెట్ల పరువేం కావాలనీ అడిగారు. వాళ్ళ తల్లిదండ్రులు కూడా సంతకం చేశారు. కష్టపడి చదివించారు మరి.

లైసెన్సు రద్దు చెయ్యాలని సంఘం తీర్మానించింది. నోటీసు కంపోజు చెయ్యమని పాయింటు గారికే ఇచ్చారు. సంస్థ పేరు ముప్పై ఆరు పాయింట్లు, ముద్దాయి పేరు ఆరు పాయింట్లు. ఆయన భార్య పేరు రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నారు. అంకెలు మాత్రం సరిగానే పడ్డాయి.

అదే హాల్లో అందరినీ పిలిచి నోటీసు చదివారు. ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టారు. సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు సవరించుకుని, ఆవిడ పేరు దగ్గరకొచ్చి ఆగిపోయారు.

“ఇంత చిన్నగా వేశారేమిటండీ. ఆ దీపం కింద పట్టుకోండి” అన్నారు.

పాయింటు గారు వెళ్ళి రెండు చేతులతోనూ కాగితాన్ని దీపం కింద చాపి పట్టుకున్నారు. ఆవిడ తలెత్తి, తను టేపు చుట్టిన చోటు వైపు చూసింది.

“వెలుగు సరిపోతోందాండీ?” అని అడిగింది.

“దివ్యంగా ఉందమ్మా” అన్నారు సూపరింటెండెంటు గారు. ఆవిడ పేరు స్పష్టంగా చదివి, లైసెన్సు రద్దు చేశారు.

హాలంతా చప్పట్లు కొట్టింది. పాయింటు గారు కొట్టలేదు. ధైర్యం వచ్చి కాదు, రెండు చేతుల్లోనూ కాగితం ఉంది. మీ చేతుల్లోనూ ఇప్పుడు కాగితమే ఉంది కాబట్టి మిమ్మల్నీ ఏమీ అనలేం.