నాలుగు వందల పన్నెండుమంది పెంచుతున్న పిల్ల

మీ పిల్లల్ని మీరే పెంచుకుంటున్నారా? అయ్యో పాపం! ఈ రోజుల్లో కూడా ఇంత వెనకబడిన కుటుంబాలు మిగిలి ఉన్నాయంటే నమ్మబుద్ధి కావడం లేదు.

మా అమ్మాయిని నాలుగు వందల పన్నెండుమంది పెంచుతున్నారు. అందులో నేనూ ఒకణ్ణి. మా ఆవిడ మాత్రం ఆ లెక్కలో లేదు. ఎన్నిసార్లు లింకు పంపినా గ్రూపులో చేరలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా గ్రూపు ఎంట్రన్స్ టెస్టు రాయబోయే పిల్లల తల్లిదండ్రులది. మొదట్లో సిలబస్ గురించీ పరీక్ష తేదీల గురించీ మాత్రమే మాట్లాడుకునేవాళ్లం. పరీక్ష రాయాలంటే పిల్ల ఆరోగ్యంగా ఉండాలి కదా? పిల్ల ఆరోగ్యంగా ఉండాలంటే ఇల్లు ఆరోగ్యంగా ఉండాలి కదా? అలా ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. ఇప్పుడు గొంతు నొప్పి దగ్గర్నుంచి గోడ చెమ్మ దాకా, కెమిస్ట్రీ దగ్గర్నుంచి కారే కుళాయి దాకా మాకు తెలియనిది లేదు. ఇంట్లో ఒక డాక్టరు, ఒక మేస్త్రీ, ఒక ట్యూషన్ మాస్టారు ఇరవై నాలుగు గంటలూ మేలుకుని కూర్చున్నట్టే. ముగ్గురిలో ఎవరికీ ఆ పని రాదన్నది చిన్న విషయం.

అప్పుడప్పుడు చిన్న చిన్న పొరపాట్లు జరుగుతాయి, కాదనను. పోయిన నెల ఒకాయన గోడకు చెమ్మ పడుతోందని అడిగాడు. అదే నిమిషంలో ఒకావిడ వాళ్ల అబ్బాయికి ముక్కు కారుతోందని అడిగింది. సలహాలు వరదలా వచ్చి పడ్డాయి. ఏది ఎవరికో తేల్చుకునేలోపు గోడాయన రెండు రోజులు గోడకు ఆవిరి పట్టాడు. ముక్కావిడకు అందిన సలహా ఏమిటంటే, పైపొర మొత్తం గీకేసి, బాగా ఆరనిచ్చి, రెండు కోటింగులు వేయమని. ఆమె తెలివైన మనిషి కాబట్టి, గీకడం ఎంత లోతుగా అని మళ్లీ అడిగింది. అబ్బాయి దక్కాడు.

అసలు మా గ్రూపుకు వెన్నెముక టాపర్ తల్లి. వాళ్ల పెద్దబ్బాయికి మూడేళ్ల కిందట పెద్ద ర్యాంకు వచ్చింది. అప్పటి నుంచి ఆ అబ్బాయి కంటే ఆమెకే ఎక్కువ పేరు. అతను రోజుకు ఎన్ని గంటలు చదివాడో ఆమెకు సరిగా గుర్తులేదు. ఎడమ చేత్తో పళ్లు తోమేవాడని మాత్రం బాగా గుర్తుంది. ఎడమ చెయ్యి ఆడితే కుడి మెదడు విచ్చుకుంటుందట. మర్నాటి ఉదయం నాలుగు వందల ఇళ్లలో పిల్లలందరూ ముక్కుల్లోకి టూత్‌పేస్టు ఎక్కించుకుని తుమ్ముతూ ఫిజిక్స్ పుస్తకం ముందు కూర్చున్నారు.

ఆ అబ్బాయి చదువుకునే బల్ల గోడకు ఎదురుగా ఉండేదని ఆమె చెప్పిన సాయంత్రమే నేనూ మా అమ్మాయి బల్ల తిప్పాను. గోడకు ఎదురుగా ఉంటే దృష్టి కుంగిపోతుందని, కిటికీ వైపు ఉండాలని గ్రూపులోని టైల్స్ వ్యాపారి ఒకాయన పెట్టాడు. ఆయన రోజూ పది ఇళ్లు చూసే మనిషి, తీసిపారేయలేం. కిటికీ దగ్గరికి జరిపాను. కిటికీలోంచి వచ్చే గాలిలో దుమ్ము ఉంటుందని ఇంకొకరు, తలుపు వెనక ఉండకూడదని మరొకరు. నాలుగో విడతలో బల్ల వంటింటి గుమ్మంలో కుదిరింది. అప్పటి నుంచి మా ఆవిడ వంటింట్లోకి పక్కకు తిరిగి పోతోంది. వచ్చేటప్పుడు గిన్నె తలమీద పెట్టుకుని వస్తోంది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ వ్యాయామం ఆమెకే దొరుకుతోంది.

లైటు సంగతి కూడా ఇలాగే తేలింది. టాపర్ తల్లి పసుపు బల్బు అంది. టైల్స్ వ్యాపారి తెల్ల బల్బు అన్నాడు. పెద్దల మాట ఒకరిది విని ఒకరిది వినకపోతే ఎలా? రెండూ పెట్టించాను. మా అమ్మాయి ఎడమ పేజీ పసుపు రంగులోనూ, కుడి పేజీ తెలుపు రంగులోనూ చదువుతోంది.

ఇక జడ లెక్క చెప్పకపోతే ఈ వ్యాసానికి న్యాయం జరగదు. ఆడపిల్ల జడ వేసుకోవడానికి రోజుకు పన్నెండు నిమిషాలు పడుతుందని ఒక తండ్రి గడియారం పెట్టి చూశాడు. ఏడాదికి డెబ్బై మూడు గంటలు! ఆ గంటల్లో ఎన్ని మోడల్ పేపర్లు రాయవచ్చో మీరే ఆలోచించండి. ఆయన ఊరుకోలేదు, కూతురి జుట్టు మెడ దాకా కత్తిరించేయించాడు. తర్వాతి టెస్టులో ఆ పిల్లకు మార్కులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో గ్రూపు పది నిమిషాల్లో కనిపెట్టింది. పిల్ల మిగిలిన గంటలన్నీ అద్దం ముందు ఏడుస్తూ కూర్చుందట. వెంటనే అద్దం తీసేయమని సలహా ఇచ్చాం. సమస్య ఏదైనా మా దగ్గర పరిష్కారం లేకుండా ఉండదు.

మా ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి జనరల్ వార్డులో నర్సు. పిల్లకు తలనొప్పి అంటే ఆమె ఏమంటుందో తెలుసా?

"నిద్ర చాలడం లేదండీ దానికి. రెండు రోజులు కడుపునిండా పడుకోనివ్వండి."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు."

ఇదీ వరస. లింకు లేదు, వీడియో లేదు, కింద నలుగురి మెచ్చుకోళ్లు లేవు. అలాంటి మాట ఎలా నమ్మడం? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా? గ్రూపులో అడిగితే అదే తలనొప్పికి పదిహేడు కారణాలు వచ్చాయి. దిండు ఎత్తు దగ్గర్నుంచి పక్కింటివాళ్ల మోటారు దాకా ఉన్నాయి. నిద్ర అందులో లేదు.

గ్రూపు వల్ల నాకు జరిగిన మేలు ఇంకొకటి ఉంది. నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో పనిచేస్తాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా జనం చెప్పేది వినడమే నా ఉద్యోగం. ఇంటికి వచ్చాక ఇంకొకరు ఎదురుగా నిలబడి "నాన్నా, ఒక మాట" అంటే చెవులు భరించలేవు. గ్రూపులో ఆ బాధ లేదు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. సగంలో ఆపి టీ తాగి రావచ్చు. మా అమ్మాయికీ ఇదే నేర్పాను. ఏమైనా ఉంటే గ్రూపులో పెట్టమ్మా, అందరికీ ఉపయోగపడుతుంది అని. ఆ పిల్ల కూడా ఈమధ్య నా దగ్గరికి రావడం మానేసింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎంట్రన్స్ ఫారం నింపే గడువు దగ్గర పడింది. ఆ ఫారంలో మొదటి గడి చాలా ముఖ్యం. ఏ కోర్సు కావాలో అందులో రాయాలి. ఒకసారి రాసి పంపితే మార్చడానికి వీల్లేదు. పిల్ల బతుకంతా ఆ గడిలో ఉంటుంది. అంత పెద్ద నిర్ణయం ఒక్కణ్ణే తీసుకుంటానా? గ్రూపులో ఓటింగ్ పెట్టాను. డాక్టరుకు నూట ఎనభై ఎనిమిది, ఇంజినీరుకు నూట డెబ్బై ఒకటి వచ్చాయి. ఏదైనా పర్లేదు అన్నవాళ్లు పదకొండుమంది. "అమ్మాయి ఇష్టం" అని నాలుగో ఆప్షన్ పెట్టడం మరిచిపోయాను. మూడు వందల డెబ్బైమంది ఓటు వేశారు, ఒక్కరూ గుర్తు చేయలేదు.

గడువుకు ముందురోజు ఆదివారం. పొద్దున్నే డాక్టరు అని రాసేద్దామని కూర్చున్నాను. అంతలో గ్రూపులో పేరు లేని నంబరు నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"అందరికీ నమస్కారం. మాకు తెలిసిన ఒకమ్మాయికి ఒక కోర్సు చదవాలని ఉంది. వాళ్ల నాన్నతో చెప్పడానికి చాలాసార్లు వెళ్లింది. ఆయనకు ఫోన్ చూసుకోవడంతోనే సరిపోతుంది. ఏం చేయాలో చెప్పగలరు."

టాపర్ తల్లి ఆ తండ్రికి నానబెట్టిన బాదం పప్పులు పెట్టమంది. టైల్స్ వ్యాపారి ఆయన కుర్చీ ఏ వైపు ఉందో అడిగాడు. నాకు మాత్రం రక్తం మరిగిపోయింది. ఇలాంటి తండ్రులు కూడా ఉంటారా? కన్నపిల్ల వచ్చి నిలబడితే తలెత్తి చూడని మనిషి ఒక మనిషేనా? ఫారం పక్కన పెట్టేసి నలభై నిమిషాలు కూర్చుని జవాబు రాశాను. పిల్లలు మన ర్యాంకు కార్డులు కారని రాశాను. వాళ్లూ మనుషులేనని రాశాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడిగి, చెప్పేది చివరిదాకా వినమని ఆ తండ్రికి నా మాటగా చెప్పమన్నాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. తొంభై ఆరుమంది చేతులు జోడించారు.

యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్న మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి విన్నది.

"చాలా బాగుంది. ఇంతకీ ఆ తండ్రి ఎవరంటారు?"

"ఎవడో బుద్ధి లేనివాడు."

"అవును," అని మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది.

అంతలో మా అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో పెన్ను, ఒక చేతిలో తన ఫోను. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, పక్కన పెట్టేసిన ఫారం నా ముందుకు జరిపింది.

"రేపటితో గడువు అయిపోతుంది నాన్నా."

"తెలుసమ్మా."

నన్నే చూస్తూ కూర్చుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఇంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్లయిందో లెక్క కట్టబోయాను, అందలేదు. కళ్ల కింద నలుపు ఉంది. ఏదో అడగాలి. ఇందాకే నలభై నిమిషాలు ఒక ఊరికి సరిపడా రాసినవాణ్ణి, మొదటి మాట ఏమిటో తెలియలేదు. నాకు అలవాటైన పని చేశాను. గ్రూపు తెరిచి, "అమ్మాయి ఫారం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ముందు ఏమని అడగాలి? అర్జెంట్" అని పెట్టాను.

టాపర్ తల్లి టైప్ చేస్తోంది. టైల్స్ వ్యాపారి టైప్ చేస్తున్నాడు. వాళ్లందరి కంటే ముందు ఆ పేరు లేని నంబరు నుంచి జవాబు వచ్చింది.

"నువ్వేం రాయాలనుకుంటున్నావు అని అడగండి. ఫోను పక్కన పెట్టి అడగండి."

తలెత్తి చూశాను. మా అమ్మాయి తన ఫోనును బల్ల మీద బోర్లా పెడుతోంది.

రెండేళ్ల కిందట, ఆన్‌లైన్ క్లాసుల కోసం ఆ ఫోనూ సిమ్మూ కొనిచ్చింది నేనే. నా ఫోనులో టాపర్ తల్లి నంబరు ఉంది, టైల్స్ వ్యాపారి నంబరు ఉంది, గోడకు ఆవిరి పట్టినాయన నంబరు కూడా ఉంది. మా అమ్మాయి నంబరు లేదు. ఇంట్లోనే ఉండే మనిషి కదా, దాంతో ఏం పని పడుతుందనుకున్నాను.

ఫోను పక్కన పెట్టాను. "నువ్వేం రాయాలనుకుంటున్నావు?" అని అడిగాను.

"నర్సింగ్."

"నర్సింగా?"

"పోయినేడు నీకు ఆపరేషన్ అయినప్పుడు అమ్మ వార్డులో నీ మంచం పక్కన నేనే కదా ఉన్నాను. నువ్వు మత్తులో ఉన్నావు. పక్క మంచం తాతగారికి సూది గుచ్చబోతుంటే వణికిపోతున్నారు. అమ్మ ఏమీ అనలేదు, ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన వణుకు ఆగింది. నాకు అది నేర్చుకోవాలని ఉంది నాన్నా."

"ఏడాదయింది. నాతో చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పడానికే వచ్చాను. ఏమైనా ఉంటే గ్రూపులో పెట్టమన్నావు."

ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు కూడా ఈ కోర్సు సంగతి అప్పుడే తెలిసిందని ఆ మొహం చూస్తే అర్థమైంది. ఇరవై రెండేళ్లుగా ఆ చెయ్యి ఏం పని చేస్తోందో నేనెప్పుడూ అడగలేదు. సిగ్గనిపించింది. దాచుకోవడం దేనికి, చెప్పేస్తున్నాను. మొదటి గడి మా అమ్మాయే నింపింది, తన చేతిరాతతో, గుండ్రంగా.

సాయంత్రానికి గ్రూపులో ఒకటే గోల. మీ అమ్మాయి ఏం పెట్టింది, డాక్టరా, ఇంజినీరా అని. తననే అడగండి అన్నాను. నాలుగు వందలమందికీ అర్థం కాలేదు. పాయింట్ల వారీగా వివరంగా పెట్టమన్నారు.

కాబట్టి పాఠకులారా, గ్రూపులను ఆడిపోసుకునేవారు ఒక్కసారి ఆలోచించాలి. మా గ్రూపే లేకపోయి ఉంటే, పక్క గదిలో ఉన్న నా కూతురు నాతో మాట్లాడటానికి ఇంకో దారి ఏదైనా ఉండేదా?