రెజాన్ కట్టిన నారింజ రిబ్బన్లు

ఆ సోమవారం పొద్దున రెజాన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. బఠానీల సూపు పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా మేపుల్ తోటంతా తిరిగి, ఉడతలు ట్యూబులు కొరికిన చెట్లకు గుర్తుగా రిబ్బన్లు కట్టి రావాలి. మార్చి నెల, చెట్లలో తీపి నీరు కదిలే రోజులు. ఆ నీటిని పాకం కాచే కొట్టానికి తెచ్చే నీలం ట్యూబులను ఉడతలు కసిదీరా కొరికి పారేశాయి. నలభై ఒక్క చెట్టుకు నారింజ రంగు రిబ్బన్లు కట్టి, ఉడతల వంశాన్నంతా తిట్టి, రెజాన్ ఇంటికొచ్చి మరిదికి ఫోన్ చేసింది.

"నడుం పట్టేసింది వదినా," అని మూలిగాడు నార్మాన్. "బుధవారం ఇద్దరు మనుషుల్ని పంపిస్తాలే."

"ఏడాది పొడుగునా బాగుండే నడుం మార్చిలోనే ఎందుకు పట్టేస్తుందిరా నీకు?"

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. క్యుబెక్‌లోని ఈ సాంత్-ఓర్టాన్స్ ఊరి నడిబొడ్డున, పెద్దవీధి మలుపులో, పన్నెండేళ్ల కిందట చమురు రైలు పట్టాలు తప్పింది. సగం వీధి తగలబడింది. అందులో లూసియన్ మంగలి షాపూ ఉంది, షాపులో లూసియన్ ఉన్నాడు. రెజాన్ భర్త. వారం తిరక్కుండా మంత్రి వచ్చి, కళ్లు తుడుచుకుని, రైలును ఊరి బయటినుంచి మళ్లిస్తామని మాటిచ్చాడు. మాటకేం, ఇచ్చాడు! తర్వాత నాలుగు అధ్యయనాలు, ముగ్గురు మంత్రులు, లెక్కలేనన్ని కమిటీలు. పెద్దలందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. రైలు మాత్రం రోజుకు రెండుసార్లు అదే మలుపులో, అదే చమురుతో పోతూనే ఉంది. సిగ్గుండాలి!

కిందటి శరత్కాలంలో కొత్త దారికి గుర్తులు పెట్టారు. పాతిన మేకులు మంచులో కూరుకుపోయాయి, చెట్లకు కట్టిన రిబ్బన్లను గాలి ఎత్తుకుపోయింది. ఈలోగా సర్వే కంపెనీ మారింది. కొత్త కంపెనీ తన మనుషులకు చెప్పింది ఒక్కటే: నారింజ రిబ్బన్లు ఎటుంటే అటు పొండి. ఊళ్లో ఉన్నది ఒకే హార్డ్‌వేర్ షాపు. ఆ షాపులో ఉన్నది ఒకే రంగు రిబ్బను.

బుధవారం ఇద్దరు మనుషులు మంచుబండి మీద తోటలో దిగారు. చేతుల్లో పొడవాటి కర్రలు, ఒక డ్రిల్లు. ట్యూబులు ఎత్తడానికి కర్రలు, చెట్లకు కొత్త రంధ్రాలు పెట్టడానికి డ్రిల్లు, అనుకుంది రెజాన్. పాన్‌కేకులు, మేపుల్ పాకం పట్టుకెళ్లి మరీ పెట్టింది.

"ఒక్క రిబ్బను కూడా వదలకూడదు! మధ్యలో బద్ధకించారో, మిమ్మల్ని పంపినవాడికి చెబుతాను."

"ఇవి కాస్త వంకరగా పోతున్నట్టున్నాయమ్మా," అని ఒకడు నసిగాడు.

"వంకరో టింకరో, రిబ్బను ఎటుంటే అటే పోవాలి. ఆఖరి చెట్టు దాకా!"

రైలు సంగతిలో రెజాన్ నోటికి భయపడని సర్వేయరు ఆ జిల్లాలోనే లేడు. ఆఖరి చెట్టు దాకా పోయారు. మర్నాడు చూస్తే ట్యూబులు కొరికినవి కొరికినట్టే ఉన్నాయి. ఆవిడ ఫోన్లో నార్మాన్‌ను దులిపేసింది. అతను అసలు మనుషుల్ని పంపడమే మరిచిపోయాడు గనుక నోరెత్తకుండా తిట్లన్నీ తిన్నాడు.

జూన్‌లో చర్చి కింది హాల్లో సభ పెట్టారు. ప్రభుత్వ ఇంజనీరు పెల్షా గోడమీద పటం వెలిగించాడు. కొత్త దారి మూడు మైళ్లు బుద్ధిగా వచ్చి, ఒక్కచోట మాత్రం పాములా మెలికలు తిరిగింది. రెజాన్‌కు అరికాలి మంట నెత్తికెక్కి, చర్చి అని కూడా చూడకుండా తిట్టు లంకించుకుంది.

"టాబర్నాక్! ఇది లైనా, తాగుబోతు నడకా? ఆ రైలు పడింది మలుపులోనే కదయ్యా! మళ్లీ మలుపులే పెడతారా? ఎవడు గీశాడిది?"

"ఎనిమిది నెలల శాస్త్రీయ అధ్యయనం మేడమ్," అన్నాడు పెల్షా తొణక్కుండా.

"వదినా," అని గొణిగాడు పక్కనున్న నార్మాన్. "ఆ ఆరో మెలిక మన కొట్టం వెనకది కాదూ?"

రెజాన్ చటుక్కున కూర్చుంది. కొట్టం వెనక నాలుగు చెట్లు, వాగు దాకా పదకొండు. అన్నీ తనవే. చెబితే అధ్యయనం మళ్లీ మొదటికొస్తుంది. చెప్పకపోతే మెలికల మీద రైలు, ఇంకొకరి మొగుడు బలి. ఆవిడ లేచింది.

"అవి నా రిబ్బన్లు. ఉడతలు ట్యూబులు కొరికిన చెట్లకు కట్టుకున్నాను."

హాలంతా గొల్లున నవ్వింది. పెల్షా మొహం పాలిపోయింది. ఫైలు తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు.

"కానీ మేడమ్... ఇక్కడ డ్రిల్లు వేసిన ప్రతిచోటా గజం లోతులోనే గట్టి రాయి తగిలింది. మేం మొదట గీసిన కొత్త దారి పోయేది బురదనేల మీద. నాలుగేళ్లుగా మేం ఆగిపోయింది ఆ బురద దగ్గరే. ఉడతలు పొడి గట్టు చూసుకుని కాపురం పెట్టినట్టున్నాయి. ఈ గట్టు వెంటే మెలికలు తీసేసి, నిదానమైన వంపుతో వేయొచ్చు. మీరు స్థలం ఇస్తే పని ఈ శరత్కాలమే మొదలవుతుంది. ఇవ్వకపోతే ఇంకో అధ్యయనం, మూడేళ్లు."

"చెట్లెన్ని పోతాయి?"

"నూట అరవై."

ఆ చెట్లలో సగానికి మొదటి రంధ్రం పెట్టింది లూసియన్. అంతలో సాయంత్రం రైలు వచ్చింది. బల్లమీద గ్లాసులు గలగలలాడాయి. పన్నెండేళ్లుగా అలవాటైనట్టు, ఆఖరి పెట్టె మలుపు దాటేదాకా హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

"కలం ఇటివ్వండి," అంది రెజాన్. సంతకం పెట్టాక, కలం తిరిగివ్వకుండా దాన్నే పెల్షా ముక్కు ముందు ఆడించింది. "పన్నెండేళ్లయ్యా! డిగ్రీలున్న మీరంతా కలిసి చేయలేని పని తోకలున్నవి నెలలో చేసి పెట్టాయి. కాస్తయినా సిగ్గుపడండి!"

ప్రభుత్వ నివేదిక ఆఖరి పేజీలో, దారి ఎంపికకు తోడ్పడిన స్థానిక నిపుణులకు కృతజ్ఞతలు తెలిపారు. ఆ నిపుణులు మరుసటి మార్చిలో నార్మాన్ తోటకు మకాం మార్చారు.