అరిగిన మోకాళ్ళు, పెరిగిన హోదా

మోకాళ్ళు అరగనివాళ్ళని చూస్తే నాకు జాలి. పాపం, వాళ్ళని ఎవరూ పట్టించుకోరు!

నా సంగతి చూడండి. ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీ వస్తుంది, తర్వాత పలకరింపు వస్తుంది. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నన్ను చూసి లేచి నిలబడ్డ పుణ్యాత్ముడు లేడు. ఇప్పుడు బస్సులో కాలేజీ కుర్రాళ్ళు సైతం లేస్తున్నారు. ఇంత గౌరవం ఏ ప్రమోషన్ తెచ్చిపెట్టింది చెప్పండి?

ఎక్స్‌రే చూసి డాక్టరు, "గుజ్జు అరిగిపోయిందండీ. మోకాళ్ళు బాగా వాడినట్టున్నారు" అన్నాడు. నేనా? స్కూటరు దిగకుండా కూరగాయలు బేరమాడిన మనిషిని! అయినా కాదనలేదు. కష్టజీవినని సర్టిఫికెట్ ఇస్తుంటే వద్దనడానికి నాకేం పిచ్చా?

ఇక ఇంట్లో నా వైభవం చెప్పనలవి కాదు. అటక మీద సామాను దించక్కర్లేదు. మంచం కింద దూరిన చెప్పు కోసం వంగక్కర్లేదు. "నా మోకాలు..." అని నసిగితే చాలు, మిగతా వాక్యం మా ఆవిడే పూర్తిచేసి, పని కూడా తనే చేసుకుంటుంది.

వ్యాయామం లేదనుకుంటున్నారా? కుర్చీలోంచి లేవడం ఉంది కదా! ముందు అంచుకి జరగాలి. రెండు చేతులూ ఆనించాలి. "అమ్మా" అనాలి. లేచాక, ఎందుకు లేచామో గుర్తు తెచ్చుకోవాలి. గుర్తు రాకపోతే మళ్ళీ కూర్చోవచ్చు. ఏ జిమ్ములో ఉంది ఈ సదుపాయం?

అన్నిటికన్నా గొప్ప వరం సాయంత్రపు ఏకాంతం. ఇల్లు కట్టిన నాటినుంచీ మాకు మేడమీద కూర్చుని టీ తాగే అలవాటు. గోడలకి ఏ రంగు వెయ్యాలో, ఏ చుట్టం మీద అలగాలో, అన్నీ అక్కడే తేలతాయి. ఇప్పుడు మా ఆవిడ, అబ్బాయి, కోడలు పైకెళ్తారు. నా టీ ఫ్లాస్కులో పోసి టీవీ ముందు పెడతారు.

"ఒక్కరే కూర్చుంటే విసుగ్గా ఉండదా మామయ్యా?" అని మొదట్లో కోడలు అడిగింది.

"నాకేం తల్లీ, హాయిగా ఉంది. రిమోట్ నా చేతిలో ఉంది!" అన్నాను. కరెంటు కోతనీ ట్రాఫిక్ జామునీ పొగిడి పత్రికలో కాలమ్ రాసినవాడికి మోకాలొక లెక్కా?

ఒక్కటే చిన్న ఇబ్బంది. వాళ్ళ నవ్వులు కిందికి వినిపిస్తాయి. టీవీ సౌండు ఎంత పెంచినా వినిపిస్తాయి. దిగాక "ఎందుకంత నవ్వారు?" అని అడిగితే, "ఆ, ఏదో లెండి" అంటుంది మా ఆవిడ. చల్లారిన టీని వేడి చేసుకోవచ్చు. ఆ నవ్వునేం చేసుకోను?

నిన్న ఇక ఉండబట్టలేదు. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ పైకి జరిగాను. మెట్లన్నీ నా పైజామాతో శుభ్రపడ్డాయి. మేడమీదికి ముందు నా వీపు చేరింది, తర్వాత నేను చేరాను.

తిరిగి చూద్దును కదా, కోడలు కుర్చీలోంచి లేస్తోంది! అంచుకి జరిగింది, రెండు చేతులూ ఆనించింది, లేచి "అమ్మా" అంది, ఎందుకు లేచిందో మర్చిపోయి మళ్ళీ కూలబడింది. మావాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నన్ను చూడగానే కోడలు నాలుక్కరుచుకుంది.

"అలా కాదమ్మా" అన్నాను. "'అమ్మా' అనేది లేవకముందు. లేచాక 'అబ్బా' అనాలి."

మళ్ళీ నవ్వులు. ఈసారి నా పక్కనే. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇలా దేక్కుంటూ రావడమెందుకండీ? ఒక్క మాటంటే మేమే కిందికొచ్చి కూర్చునేవాళ్ళం కదా!"

"అనాలా?"

"మరి? రోజూ హాయిగా ఉందంటుంటే నిజమే కాబోలనుకున్నాం."

చూశారా! ఇన్నేళ్ళుగా కాలమ్ రాస్తున్నాను. నా మాట అక్షరాలా నమ్మిన పాఠకులు ముగ్గురే ముగ్గురు, ఆ ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు!

నొప్పికి మాత్రలున్నాయి, వేసుకుంటున్నాను. కానీ సాయంత్రమయ్యేసరికి పట్టుకునే దిగులు సంగతి డాక్టరుకీ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. చమత్కారాలు చేతనయినంత బాగా ఆ ఒక్క ముక్క చెప్పడం నాకు చేతకాలేదు. కాబట్టి అయ్యా, అమ్మా, పైన రాసిన వరాలేవీ మీరు నమ్మకండి.

ఎక్కడం కన్నా దిగడం కష్టమని ఈ జబ్బున్నవాళ్ళకి తెలుసు. అబ్బాయి ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకుని దింపారు. ఇకనుంచి టీ కిందేనని మేడమీదే తీర్మానమైంది. షరతు ఒకటే, రిమోట్ కోడలికి అప్పగించాలి. ఇచ్చేశానండీ, తను చెయ్యి చాపకముందే!