అనుమతి పరిశీలనలో ఉంది

ఆ సోమవారం పొద్దున పంజాగుట్ట మీద ఆకాశం మబ్బు పట్టి, కురవడానికి ఎవరి సంతకమో రావాలన్నట్టు ఆగి ఉంది. ఏడూ ముప్పై అయిదుకు మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు జోగారావు గారు లుంగీ మీదనే కిందికి దిగి, గేటు దగ్గర నిలబడి ప్రకటించారు.

"మొగిలయ్యా! దేశ భద్రతకు ముప్పు మన మూడో అంతస్తు దాకా వచ్చేసిందోయ్!"

నేను వాచ్‌మెన్‌ను. ముప్పు వస్తే గేటులోంచే రావాలి. రిజిస్టరు తీసి చూశాను. పొద్దున్నుంచి వచ్చింది పాలాయన, పేపరాయన.

"ఎవలు రాలే సార్" అన్నాను.

"రావడం కాదయ్యా, పోవడం! నా కంప్యూటర్లోంచి ఎవడో బయటికి పోవాలని చూస్తున్నాడు!"

సంగతేమిటంటే, ఆయన కంప్యూటరు తెర మీద ఒక డబ్బా లేచింది. గుర్తు తెలియని సంస్థకు చెందిన ఒక ప్రోగ్రాం ఇంటర్నెట్‌కు పోవాలని ప్రయత్నిస్తోంది, అనుమతించాలా, నిరాకరించాలా అని అడిగింది. జోగారావు గారు మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అనుమతి అడిగినవాళ్లను వేలమందిని చూశారు. అడిగిన రోజే ఇచ్చిన పాపాన పోలేదు, కాదని చెప్పిన పాపానా పోలేదు. అందుకని రెండు మీటల్లో ఏదీ నొక్కకుండా, ఒక చీటీ మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి తెరకు అంటించి, స్విచ్చి ఆపేశారు.

మంగళవారం ఆ డబ్బా మళ్లీ లేచింది. బుధవారం కూడా! లేచినప్పుడల్లా ఆయన పైనుంచి ఇంటర్‌కంలో "నోట్ చెయ్!" అని అరవడం, నేను గేటు రిజిస్టర్లో టైము రాయడం. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. అక్షరాలు గుండ్రంగా వస్తాయని సారుకు నా మీద గురి.

జోగారావు గారు సామాన్యులు కారు. శాస్త్రీయ దృక్పథ ప్రచార సమితికి అధ్యక్షులు. రెండో ఆదివారం వచ్చిందంటే అమీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో 'మూఢనమ్మకాలు, మన కర్తవ్యం' అని గంటన్నర మాట్లాడతారు. కుర్చీలు వేసేది నేనే కాబట్టి ఆ ఉపన్యాసం నాకు నోటికొచ్చు. గంటన్నర దాటగానే మోసం, దొంగతనం లేని సమాజం మీద ఇంకో పావుగంట ఉంటుంది. ఆ మీటింగులకు పోయే రోజు కూడా ఒక్కోసారి కారు గేటు దాకా తెచ్చి, ఆపి, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. "ఇంజను వేడెక్కాలోయ్" అంటారు. ఎండాకాలంలో కూడా!

అనుమానం సాలమన్ మీద పడింది. రెండో అంతస్తులో జోగారావు గారిదే ఇంకో ఫ్లాటు ఉంది. అందులో అద్దెకుంటాడు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. ఆ సోమవారానికి ముందు రోజు రాత్రి సారే పిలిచి కంప్యూటరు చూడమంటే, చూసి, దానికి కాపలా లేదని చెప్పి, కాపలా కాసే సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించి పోయాడు. టీ కూడా తాగలేదు. ఆ కాపలాయే ఇప్పుడు అరుస్తోంది. అరిచినందుకు కాపలావాడిని పట్టుకోవడం నాకు కొత్త కాదు గానీ, నోటీసు మాత్రం మస్తుగా వచ్చింది.

'తమరికి తెలియజేయునది ఏమనగా, తమరు సదరు కంప్యూటరును తాకిన తేదీ మొదలుకొనియే సదరు అనుమానాస్పద ప్రయత్నములు ప్రారంభమైనందున, తమరు ఈ నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయవలెను. అంతకుముందు ఆదివారం పదకొండు గంటలకు విచారణకు హాజరు కావలెను.'

ముందే ఖాళీ చెయ్యమని తేల్చేసి, తరవాత విచారణ! ఆ నోటీసు నా చేతులతోనే ఇచ్చాను. సాలమన్ భార్య మగ్దలీనమ్మ అప్పుడే ఎర్రగడ్డ వైపు ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా రెండుసార్లు చదివింది.

"మా పాప షెర్లిన్‌కి పదో తరగతి అన్నా. మధ్యలో ఎక్కడికి తీసుకుపోతాం? ఈ ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు తిరిగాం. ఫోన్లో ఖాళీ ఉందంటారు. పేర్లు అడిగాక నిన్ననే ఎవరో వచ్చేశారంటారు."

"ఆదివారం రిజిస్టరు నేనే సదువుతనమ్మా" అన్నాను.

ఆదివారం జోగారావు గారి హాల్లో విచారణ. ఆయన కుర్చీలో, సాలమన్, మగ్దలీనమ్మ సోఫా అంచున. నేను గుమ్మం దగ్గర రిజిస్టరుతో. సారు భార్య అరుణాదేవి గారు వంటింట్లో కుక్కరు ముందు.

"సాలమన్ గారూ, ఈ కంప్యూటర్లో ఏం పెట్టారు?"

"కాపలా పెట్టాను సార్."

"కాపలా పెడితే భద్రత పెరగాలా, తగ్గాలా?"

"పెరిగింది కాబట్టే మీకు తెలిసింది సార్."

"ఎదురు ప్రశ్నలు వద్దు! మొగిలయ్యా, చదువు!"

చదివాను. "సోమవారం ఏడున్నర. మంగళవారం మూడు. బుధవారం పన్నెండు. గురువారం ఒకటిన్నర. శుక్రవారం పదిన్నర. శనివారం తొమ్మిది."

"చూశారా! రోజుకో టైము! ఎంత పకడ్బందీ కుట్ర! ఈ టైముల్లో ఈయన ఎక్కడున్నాడో చెప్పవయ్యా!"

"సాలమన్ సారు సోమవారం ఒక్కరోజే ఇంట్ల ఉన్నడు సార్. మిగతా రోజులు క్లాసులకు పోయిండు." అక్కడితో ఆపుదామనుకున్నాను. మగ్దలీనమ్మ చేతిలో నోటీసు మడతలు పడి చెమటకు తడిసి ఉంది. "ఇవి మీరు గేటు కాడ కారు ఆపే టైములు సార్" అన్నాను.

వంటింట్లోంచి అరుణాదేవి గారు గరిటెతో బయటికొచ్చారు.

"రాహుకాలమండీ అవి! మీరు పెట్టించుకున్న ఆ అలారం ఏమైంది?"

జోగారావు గారు దగ్గారు. ఆ దగ్గు శాస్త్రీయంగా లేదు.

సాలమన్ కంప్యూటరు ఆన్ చేసి, చీటీ ఊడదీసి, ఏదో వెతికాడు. "రాహుకాలం రాగానే గంట కొట్టే ప్రోగ్రాం సార్. దొంగ కాపీ. ఎక్కడ కొన్నారు?"

"కొనడమేంటి? అమీర్‌పేట గల్లీలో ఒకతను పెన్‌డ్రైవులో ఎక్కించాడు. ఎవరైనా అంతేగా!"

"గంట కొట్టే ముందు ఇది దాని కంపెనీకి కబురు పంపుతుంది సార్. తనను దొంగిలించారని, ఫలానా ఇంట్లో ఉన్నానని. మీరు అనుమతి పెండింగులో పెట్టారు కాబట్టి గంట కూడా ఆగింది."

"అంటే బయటికి పోయేది..."

"మీ మీద ఫిర్యాదు ఇవ్వడానికి సార్."

"కాపలా లేనప్పుడో?"

"రోజూ పోయి చెప్పే ఉంటుంది. ఎక్కించి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు" అన్నారు అరుణాదేవి గారు, సారు కంటే ముందు.

జోగారావు గారు లేచి కిటికీ మూశారు. తరవాత కాగితం తీసుకుని తీర్పు రాశారు. 'సదరు నోటీసు తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు నిలుపుదల చేయడమైనది.'

సాలమన్ చదివి, చెయ్యి మౌసు మీదే ఉంచాడు. "రద్దు అని రాయండి సార్."

"నిలుపుదల అన్నా అంతేనయ్యా."

"అయితే కాపలాను కూడా కొన్నాళ్లు నిలుపుదల చేస్తాను సార్."

సారు 'రద్దు' అని రాశారు. సంతకం, తేదీ కూడా వేశారు. పెన్ను మూత పెట్టి, సాలమన్ చెవి దగ్గరికి వంగారు. ఆ గది చిన్నది, అందరికీ వినిపించింది.

"దాన్ని తీసెయ్యకు. గంట కొట్టాలి. ఫిర్యాదుకు మాత్రం పోకూడదు. వీలవుతుందా?"

సాలమన్ భార్య వైపు చూశాడు. ఆమె నోటీసు ముక్కలు చేసి చేతిసంచిలో వేసుకుంటోంది. అతను రెండు మీటలు నొక్కాడు.

"వీలైంది సార్."

"మొగిలయ్యా, ఈ వారం పేజీ..."

"చింపాల్నా సార్?"

"ఛ! మనం రికార్డులు చింపే రకమా? తడిసిపోయిందని రాయి." ఆయన మొహం వెలిగింది. "అందరూ భోంచేసి వెళ్లండి!"

ఏడేళ్లుగా ఆ ఇంట్లోకి గ్యాసు సిలిండర్లు మోశాను గానీ, కుర్చీలో కూర్చున్నది లేదు. ఆ రోజు సారే కుర్చీ లాగారు. అయిదుగురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అన్నం, దోసకాయ పప్పు, వంకాయ వేపుడు.

విచారణ గొడవలో అరుణాదేవి గారు పప్పులో ఉప్పు వెయ్యడం మరిచారు. మొదటి ముద్దకే అందరికీ తెలిసింది. ఉప్పు డబ్బా బల్ల మధ్యలోనే ఉంది. ఎవరైనా అడిగితే ఇంకొకరు అందించేవారు. కంచాలు ఖాళీ అయ్యేదాకా తలలు వంచుకుని అలాగే తిన్నాం.