అభ్యంతరం ఉన్నవారు లేవాలి

మధ్యాహ్నపు జుహర్ నమాజుకు ముందే సమావేశం ముగించి, అమ్మ వండే మన్సఫ్, ఆ పెరుగు పులుసు మాంసం అన్నం, వేడివేడిగా తినాలని ఆ ఉదయం మున్జిర్ అనుకున్నాడు. జోర్డాన్‌లోని సాల్ట్ పట్టణంలో ఒక కళాశాలలో అతను విద్యార్థి సంఘం అధ్యక్షుడు. ఉన్న పని ఒక్కటే, గోడపత్రికను మూసేయడం. లైబ్రరీకి మధ్యాహ్నమే తాళం ఎందుకు వేస్తున్నారని సంఘం సభ్యురాలు రుబా అందులో రాసింది. డీన్‌గారికి అది నచ్చలేదు.

"మూసేద్దాం. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి నిలబడండి," అన్నాడు. ఆ నిబంధన అతను పెట్టిందే. రెండేళ్లుగా ఒక్కరూ లేవలేదు.

రుబా లేచింది.

ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి. అయినా కూర్చోలేదు. మిగతా పదిమందీ నోరు తెరిచి చూశారు. ఒక మనిషికి అంత బలం ఎక్కడినుంచి వస్తుందో ఇచ్చేవాడికే తెలియాలి. తక్కిన పదిమందికీ ఎందుకివ్వలేదని మాత్రం ఆయన్ను మెల్లగా అడగాలనిపిస్తుంది.

"ఒక్కతే. రాసుకో కుతైబా," అన్నాడు మున్జిర్ కార్యదర్శితో.

అప్పుడే టీ పళ్లెంతో, కళాశాలలో టీ కాచే హజ్జా సుబ్హియ్యా వచ్చింది. హజ్ చేసొచ్చిన డెబ్బై ఏళ్ల మనిషి. పెద్దావిడ నిలబడి ఉంటే తాము కూర్చునే పెంపకం అక్కడ ఎవరిదీ కాదు. ముందు వరస లేచింది. వెనక వరస లేచింది. చివరికి మున్జిర్ కూడా గుండెమీద చెయ్యి పెట్టుకుని లేచాడు.

కుతైబా నిలబడే రాసుకుంటున్నాడు.

"ఒరేయ్, ఏం రాస్తున్నావురా?"

"లేచినవాళ్ల పేర్లు. మీది పదకొండోది, అధ్యక్షా."

"అది హజ్జా కోసంరా బాబూ! కొట్టెయ్! హజ్జా, అల్లా నీకు మేలు చేస్తాడు, కాస్త కూర్చో. నువ్వు కూర్చుంటే గానీ వీళ్లు కూర్చోరు."

హజ్జా రుబా వైపు చూసింది. "ఈ పిల్లెందుకురా అలా వణుకుతోంది? శిక్ష వేశావా?"

"గోడపత్రిక ఉండాలంటోంది."

"ఉండొద్దూ మరి! నా గ్యాస్ పొయ్యి సంగతి అందులో రాశాకేగా బాగుచేయించారు. పిల్ల కూర్చుంటే నేనూ కూర్చుంటా."

"రుబా, కూర్చోమ్మా."

"పత్రిక ఉంటే కూర్చుంటాను."

టీ చల్లారింది. అజాన్ వినిపించింది. మున్జిర్ కళ్లముందు మన్సఫ్ కూడా చల్లారింది. "సరే, ఉంటుంది!" అన్నాడు.

కుతైబా గొంతు సవరించుకుని చదివాడు. "మూసివేతకు అధ్యక్షుడితో సహా పదకొండుమందీ వ్యతిరేకం." ఆ తీర్మానాన్ని మున్జిరే తీసుకెళ్లి గోడపత్రికలో అంటించాల్సి వచ్చింది.

తర్వాతి సమావేశానికి నిబంధన మారింది. అందరూ నిలబడే ఉండాలి, అభ్యంతరం ఉన్నవారు మాత్రమే కూర్చోవాలి. ఆ రోజు హజ్జా తన కుర్చీ తానే తెచ్చుకుంది.